చీరాల బజారులో కాపురాలు కరువు

చీరాల: రాత్రి తొమ్మిదిన్నర దాటాక గడియార స్తంభం దగ్గర నిలబడి ఒకసారి నలుదిక్కులా చూడండి. పగలంతా ఇసుక వేస్తే రాలనంత జనం తిరిగిన వీధులు ఇవేనా అనిపిస్తుంది. షట్టర్లు ఒకదాని వెనుక ఒకటి ధడధడా కిందికి దిగుతాయి. గుమాస్తాలు బండ్లు తీసి ఇళ్ల దారి పడతారు. బోర్డుల మీది దీపాలు ఆరిపోతాయి. అప్పుడు తలెత్తి మేడల వంక చూస్తే, కిటికీలో వెలుతురు ఉన్న మేడలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగిలినదంతా చీకటి. కాపలావాళ్లు, కుక్కలు, ఆఖరి బస్సు అందుకోవాలని మూటలతో పరుగెత్తే పల్లె జనం - ఆ వేళకు బజారులో మిగిలేది వీళ్లే.

బజారంటే దుకాణాలే గదా, అందులో కాపురాలు ఉంటే ఎంత, లేకుంటే ఎంత అని అడిగేవారున్నారు. వ్యాపారులు తమ ఇళ్లు ఎక్కడ కట్టుకుంటే మనకెందుకు అనే వారూ ఉన్నారు. నిజానికి ఇది వ్యాపారుల గొడవ కాదు. వేటపాలెం, ఈపూరుపాలెం, చినగంజాం మొదలుకొని అటు కారంచేడు, ఇంకొల్లు, పర్చూరు దాకా ఉన్న పల్లెలవాళ్ల గొడవ. పెళ్లి బట్టలకూ, పండుగ బట్టలకూ, మందులకూ, పిల్లల చదువులకూ చీరాల వచ్చేది మనమే. బజారులో మనుషులు కాపురం ఉండటం మానేస్తే ఎవరికి ఏం పోయిందో లెక్క చూసుకోవలసిందీ మనమే.

అర్ధరాత్రి తెల్లగుడ్డ

సుమారు నలభై ఏళ్ల కిందటి మాట. ఈ విలేఖరి సొంత ఊరు చీరాలకు ఆరు మైళ్లు. మా తాతగారు అర్ధరాత్రి దాటాక కాలం చేశారు. ఎండాకాలం. తెల్లవారగానే కానిచ్చేయాలని పెద్దలు అనుకున్నారు. మా బాబాయి సైకిలు వేసుకుని చీరాల వచ్చి, మేము తరతరాలుగా బట్టలు కొంటున్న శెట్టిగారి కొట్టు తలుపు తట్టాడు. కొట్టు వెనుకనే ఇల్లు. "శెట్టిగారూ, మా నాయన పోయాడండీ" అన్నాడు. ఆయన మరో ప్రశ్న వేయకుండా కొట్టు పలకలు రెండు తీసి, లాంతరు పక్కన పెట్టుకుని, తెల్లగుడ్డ కొలిచి చింపి ఇచ్చాడట. డబ్బు ఇవ్వబోతే "కార్యం అయ్యాక వద్దువుగానిలే, బాబూ" అన్నాడట. లోపలినుంచి ఆ ఇంటి అమ్మగారు చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తెల్లవారేసరికి బాబాయి ఊళ్లో ఉన్నాడు.

మొన్నామధ్య మా వీధిలోనే ఒక ముసలావిడ రాత్రివేళ పోయింది. ఇప్పుడు సైకిలు అక్కరలేదు, మోటారు సైకిలు ఉన్నది. రోడ్డు బాగున్నది. పావుగంటలో బజారుకు వెళ్లారు. షట్టరు మీద రాసి ఉన్న నంబరుకు ఫోను చేశారు. యజమాని ఫోను ఎత్తాడు పాపం, జాలిపడ్డాడు కూడా. కాని ఆయన ఉండేది ఊరి బయట కాలనీలో. తాళాలు గుమాస్తా దగ్గర. గుమాస్తా ఉండేది ఇంకో ఊళ్లో. చివరికి పక్కింటివాళ్లు పండుగకని దాచుకున్న కొత్త పంచె ఒకటి తెచ్చి కప్పవలసి వచ్చింది. ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. ఆ వేళకు బజారులో లేచి వచ్చే మనిషి లేడు, అంతే.

ముందు కొట్టు, వెనుక ఇల్లు

పాత బజారు ఇళ్ల తీరు ఇప్పటి పిల్లలకు చెబితేగాని తెలియదు. వీధి వైపు ముఖం పన్నెండు అడుగులో, పద్దెనిమిది అడుగులో. లోపలికి మాత్రం బారెడు పొడుగు. ముందు అరుగు. అరుగు వెనుక కొట్టు. కొట్టులో నేల మీద పరుపు, పరుపు మీద తెల్లదుప్పటి, ఓ మూల గల్లాపెట్టె. వెనుక గోడకు ఒక తలుపు. ఆ తలుపు తీస్తే నడవ, నడవ దాటితే ఆకాశం కనిపించే మండువా, ఆపైన వంటిల్లు, బావి, దొడ్డి. దొడ్డి తలుపు వెనుక సందులోకి. మేడ ఉంటే అందులో పెద్దకొడుకు కాపురం. షట్టర్లు రాకముందు కొట్లకు చెక్క పలకలే తలుపులు. పలక మీద వరస నంబరు వేసి ఉండేది. పొద్దున్నే ఆ నంబర్ల ప్రకారం తీయడం, రాత్రి మళ్లీ అదే వరసలో అమర్చడం చిన్న గుమాస్తా పని. నంబరు తప్పితే పలక కూర్చోదు, శెట్టిగారి చేత తిట్లు తప్పవు.

ఆ అరుగు పేరుకు శెట్టిగారిదే అయినా వాడుక మనదే. ఎండలో బస్సు కోసం నిలబడలేక దాని మీదనే కూర్చునేవాళ్లం. కొన్న సామాను మూట అక్కడ పెట్టి "కాస్త చూస్తుండండి" అని ఇంకో కొట్టుకు పోయేవాళ్లం. పసిపిల్లకు పాలివ్వాలంటే కొట్టు వెనుక తలుపు తీసి "లోపలికి పోమ్మా" అనేవారు. ఆడవాళ్ల ఇబ్బందులు ఆ ఇంటి ఆడవాళ్లు అడగకుండానే కనిపెట్టేవారు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ మర్యాద అంతా ఎవరి రెక్కల మీద నడిచింది? బావిలో నీళ్లు తోడిందీ, వేళగానివేళ వచ్చినవారికి మజ్జిగ చిలికిందీ, పెళ్లివారి మూక వస్తే ఇరవైమందికి కాఫీలు కలిపిందీ ఆ ఇంటి ఆడవాళ్లే. కొట్టులో జనం ఉన్నంతసేపూ మండువాలో గొంతు ఎత్తి మాట్లాడటానికి లేదు. బజారు ఇల్లు వదిలి కాలనీకి పోదామని ముందుగా పట్టుబట్టింది వాళ్లే అయితే, అందులో వింతేమీ లేదు. మనం తాగిన చల్లనీళ్ల గురించి చెప్పుకున్నప్పుడు ఆ చేద తాడు కూడా గుర్తుండాలి.

ఎందుకు వెళ్లిపోయారు?

కారణం ఒక్కటి కాదు. తండ్రి పోయాక అన్నదమ్ములు ముగ్గురు పంచుకుంటే పద్దెనిమిది అడుగుల ముఖం తలా ఆరడుగులు అవుతుంది. ఆరడుగుల్లో కొట్టు నడుస్తుంది గాని కాపురం నడవదు. అందుకని నడవ, మండువా పడగొట్టి కొట్టునే వెనక్కి పెంచారు. కారు కొన్నవాడికి ఆ సందులో కారు పెట్టే చోటు లేదు. తెల్లవారుజాము నుంచి సరుకు లారీలు, మధ్యాహ్నం దుమ్ము, సాయంత్రం మైకులు. పిల్లలు ఆడుకోవడానికి జాగా లేదు. ఇవన్నీ నిజమైన బాధలే.

వీటన్నిటికంటే పెద్ద కారణం అద్దె. మాటవరసకు బజారు వీధిలో ఒక గది ఉన్నదనుకోండి. కాపురానికి ఇస్తే అద్దె ఒక వంతు. అదే గదికి షట్టరు బిగించి కొట్టుకు ఇస్తే రెండింతలో, మూడింతలో. పైగా ముందే చేతికి అడ్వాన్సు. మంచి మూల అయితే గుడ్‌విల్ పేరిట మరికొంత. లెక్క తెలిసిన ఇంటివాడు తన పడకగదిలో తానే పడుకోవడం దండగ అనుకుంటాడు. ఎంజీసీ మార్కెట్టు వంటి పెద్ద బట్టల మార్కెట్టు ఉన్న ఊళ్లో ఈ లెక్క మరీ గట్టిది. చీరాలను చిన్న బొంబాయి అనడం ఊరికే రాలేదు. టోకు వ్యాపారికి ముందు కొట్టు చిన్నదైనా ఫరవాలేదు, బేళ్లు దించుకోవడానికి గిడ్డంగి మాత్రం పెద్దది కావాలి. అందువల్ల ఖాళీ అయిన మేడలన్నీ మొదట గిడ్డంగులే అవుతాయి.

పాత అద్దె చట్టం చేసిన పని కూడా చెప్పుకోవాలి. 1960 నాటి అద్దెల నియంత్రణ చట్టం అద్దెదారును ఖాళీ చేయించడం కష్టం చేసింది. బీదసాదలకు అది మేలే. కాని ఒకసారి ఇస్తే మళ్లీ చేతికి రాదని భయపడి, మేడ మీది గదులకు తాళం వేసి పెట్టుకున్న యజమానులు ప్రతి పాత పట్టణంలోనూ ఉండేవారు. తాళం వేసిన గదిలో మొదట పావురాలు, తర్వాత రావిమొక్క, ఆ తర్వాత పడగొట్టే మేస్త్రీ.

మెట్లెక్కని బేరం

పల్లెల్లో నాలుగు డబ్బులు చేరినవారు ఈ భాగం కాస్త నిదానంగా చదవాలి. పొగాకు, మిరప బాగా పండిన ఏడో, ఒక చెక్క పొలం అమ్మిన ఏడో, పట్నంలో రోడ్డు మీద కాంప్లెక్సు కట్టిద్దామనే ఆలోచన మన రైతులకు రాకమానదు. కింద ఆరు షట్టర్లు, పైన ఆరు, ఆపైన ఇంకో ఆరు అని కాగితం మీద గీసుకుంటారు. పద్దెనిమిది షట్టర్ల అద్దె గుణించి చూసుకుంటే రాత్రి నిద్ర పట్టదు.

కట్టాక తెలుస్తుంది సంగతి. కింది వరస నిండుతుంది. పై వరసలో ఒక దర్జీ, ఒక ఫోటో స్టూడియో, ఒక ట్యూషను. ఆ పై వరస నిండదు. ఇది చీరాల రహస్యం కాదు. తెనాలి పోండి, నరసరావుపేట పోండి, ఒంగోలు పోండి, ఇదే వరస కనిపిస్తుంది. కొనేవాడు వీధిలో నడుస్తూ కంటికి కనిపించినదాన్ని చూసి ఆగుతాడు. చేతిలో సంచీ, చంకలో పిల్లతో ఉన్న మనిషి ఇనుప మెట్లెక్కి బేరానికి పోదు. పై అంతస్తులో వ్యాపారం నడవాలంటే అది పేరున్న పెద్ద దుకాణమై ఉండాలి, లేదా లిఫ్టు ఉండాలి. ఫోనులోనే చీర చూసి, ఇంటికే తెప్పించుకునే కాలం వచ్చాక కింది షట్టరుకు కూడా మునుపటి ధీమా లేదు.

అదే పై రెండు వరసలు వంటిల్లు, పడకగది, నీళ్ల వసతి పెట్టి ఇళ్లుగా కట్టి ఉంటే అద్దె తక్కువే వచ్చేది. కాని వచ్చేది. బజారులో పనిచేసే గుమాస్తాలు, బడి పంతుళ్లు, నర్సులు, పిల్లల చదువు కోసం పల్లె నుంచి వచ్చి గది తీసుకునే సంసారాలు ఇలాంటి ఇళ్ల కోసమే వెతుకుతుంటారు. వెనుకటి రోజుల్లో బడికి నడిచిపోయే దూరంలో, కొట్టు మీది మేడలో ఒక గది, వసారా అద్దెకు తీసుకుని ముసలి అమ్మమ్మను వంటకు పెట్టి పిల్లలను చదివించుకున్న పల్లె కుటుంబాలు ఎన్నో. ఇప్పుడా గదులు లేవు. ఊరి చివర కాలనీల్లో ఇల్లు తీసుకుని రోజూ ఆటో ఖర్చు పెట్టుకోవాలి, లేకుంటే హాస్టలు.

పెళ్లివారి తిప్పలు

పెళ్లి బట్టలకు వచ్చే మూకను చూడండి. పెళ్లికూతురు, తల్లి, మేనత్త, ఇద్దరు పిన్నమ్మలు, వద్దన్నా వెంటబడిన పిల్లలు, డబ్బు సంచీతో ఒక పెద్దాయన - పదిహేను మందికి తగ్గరు. పొద్దున్నే వస్తే సాయంత్రానికిగాని తెమలరు. దుకాణాలకేమో ఇప్పుడు అద్దాలు, చల్లటి గాలి, కుర్చీలు వచ్చాయి. సంతోషం. పెద్ద దుకాణాల్లో మరుగుదొడ్డి కూడా ఉంటున్నది. చిన్న కొట్లలో? వెనుక ఇల్లు ఉన్న రోజుల్లో అడగగలిగేవారు. ఇప్పుడు వెనుక ఉన్నది బేళ్లు. అందుకని ఆడవాళ్లు పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా బేరాలు చేస్తున్నారు. మండువేసవిలో పెళ్లి ముహూర్తాలు పెట్టుకునే మన దేశంలో ఇది చిన్న సంగతి కాదు. బేరం కుదిరి ఇంటికి చేరాక కళ్లు తిరిగి పడిపోయిన మేనత్తలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

చలివేంద్రం సంగతీ అంతే. ఎండాకాలంలో కుండలు పెట్టడం బజారు వ్యాపారులు ఇప్పటికీ మానలేదు. కొట్టు తెరిచిన రోజున కుండ నిండుగా ఉంటుంది. వారపు సెలవు రోజున కుండ ఉంటుంది, నీళ్లుండవు. పైన కాపురం ఉన్న కొట్టు ముందు కుండలో మాత్రం సెలవు రోజున కూడా నీళ్లుంటాయి. అనుమానం ఉన్నవారు ఈసారి ఎండల్లో వచ్చి మూతలు తీసి చూసుకోవచ్చు.

ఒకప్పుడు ఊరే ఖాళీ అయింది

ఇళ్లు వదిలిపోవడం చీరాలకు కొత్తేమీ కాదు. చీరాల, పేరాలను కలిపి మునిసిపాలిటీ చేసి, పన్నులు పలు రెట్లు పెంచినప్పుడు జనం ఎదురు తిరిగారు. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ వచ్చారు. పన్ను కట్టడం ఇష్టం లేకపోతే ఊరు వదిలిపోవడం ఒక దారి అన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో పదిహేను వేల జనాభాలో పదమూడు వేలకు పైగా ఇళ్లు వదిలి మునిసిపాలిటీ హద్దుల అవతల పాకలు వేసుకున్నారు. దానికి రామనగరు అని పేరు. సుమారు పదకొండు నెలలు ఎండకు, వానకు ఓర్చి అక్కడే ఉన్నారు. అప్పటి చీరాల బజారు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆనాడు జనం పంతం పట్టి వెళ్లారు, పంతం తీరక అలిసి తిరిగి వచ్చారు. వెళ్లిన సంగతి దేశమంతా చెప్పుకున్నది. ఈనాడు ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ ఊరేగింపు తీయలేదు. ఒక్కో ఇల్లూ సామాను సర్దుకుని పోతున్నది. తిరిగి వచ్చే సూచన కనిపించడం లేదు.

మగ్గం గుంత ఎక్కడ తవ్వాలి?

ఇల్లు వేరు, పని వేరు అనే విభజన ఈ ప్రాంతానికి మొదటినుంచీ సరిపడలేదు. చీరాల పేరు నిలబెట్టింది చేనేత. జాండ్రపేట, పేరాల, వేటపాలెం, ఈపూరుపాలెం - ఎక్కడ చూసినా నేతగాని ఇల్లే అతని కార్ఖానా. ముందుగదిలో నేలలో గుంత, గుంతలో కాళ్లు, గుంత మీద మగ్గం. భార్య కండెలు చుడుతుంది, తల్లి ఆసు పోస్తుంది, పిల్ల పక్కనే చదువుకుంటుంది. వానాకాలంలో గుంతలో నీరు ఊరితే ఇంటి బాధా, పని బాధా ఒకటే. అలాంటి ఇల్లు అమ్ముడుపోయి కాంప్లెక్సు లేస్తే, ఆ నేతగాడికి ఇంకో ఇల్లు అద్దెకు దొరకడం కష్టం. ఎందుకంటే గచ్చు నేల పగలగొట్టి గుంత తవ్వుకోమని ఏ ఇంటి యజమాని ఒప్పుకుంటాడు? మిద్దె మీద అయితే గుంత మాటే లేదు. ఇల్లు పోతే మగ్గం కూడా పోయినట్టే.

పన్ను, కరెంటు, నిప్పు

నిబంధనలు ఏమంటున్నాయో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2020 దాకా ఇంటి పన్నుకు అద్దె విలువ ఆధారం. ఆ ఏడాది నవంబరులో వచ్చిన ఉత్తర్వుతో ఆస్తి విలువ ఆధారమైంది. కాపురం ఉండే కట్టడానికి విలువలో 0.10 నుంచి 0.50 శాతం దాకా, వ్యాపార కట్టడానికి 0.20 నుంచి 2 శాతం దాకా అని అప్పట్లో హద్దులు పెట్టారు. అంటే కింద కొట్టు, పైన ఇల్లు ఉన్నవారు ఏ భాగం దేనికి వాడుతున్నారో వేరువేరుగా రాయించుకోవాలి. రాయించుకోకపోతే నష్టం వారిదే. కరెంటు మీటరు సంగతీ అంతే. ఇంటికి మొదటి కేటగిరీ, దుకాణానికి రెండవ కేటగిరీ, యూనిటు ధరలో తేడా ఉన్నది. ఒకే మీటరు మీద రెండూ నడిపితే చిక్కే.

కొత్తగా కట్టేవారికి 2017 నాటి భవన నిర్మాణ నిబంధనలూ, ఆ తర్వాతి సవరణలూ వర్తిస్తాయి. బండ్లు నిలిపే జాగా కట్టడంలో ఇంత వంతు అని వదలాలి. ఇంటికి వదలవలసినదానికంటే వ్యాపార కట్టడానికి ఎక్కువ వదలాలి. ప్లానులో వదిలిన ఆ జాగాలో తర్వాత ఇంకో షట్టరు వెలుస్తున్నదా లేదా అనేది పట్నం చూసినవారందరికీ తెలిసిన సంగతే. మన బండ్లు రోడ్డు మీద ఉండటానికి కారణం మన అలవాటు ఒక్కటే కాదు.

నిప్పు విషయం మరీ జాగ్రత్తగా చూడాలి. 1999 నాటి అగ్నిమాపక చట్టం ప్రకారం వ్యాపార భవనం 15 మీటర్లు, అంటే సుమారు 49 అడుగుల ఎత్తుకు చేరితే అగ్నిమాపక శాఖ అనుమతి కావాలి. ఇళ్లకు ఆ హద్దు 18 మీటర్లు. మన బజారు కట్టడాల్లో చాలా వాటికి కింద ఒకటి, పైన రెండు అంతస్తులే. ఎత్తు ముప్ఫై, ముప్ఫై అయిదు అడుగులు. ఎత్తును బట్టి చూస్తే ఆ లెక్కలోకి రావు. నైలాను, పాలిస్టరు బేళ్లు కప్పు దాకా పేర్చిన మేడకు ఒక్కటే మెట్లదారి, అదీ సగం అట్టపెట్టెలతో నిండి ఉంటే, ఎత్తు తక్కువైనంత మాత్రాన నిప్పు తక్కువ మండదు. రాత్రి పొగ వస్తే చూసేవారు కూడా ఆ వీధిలో లేరు.

అందుకే మేడ మీద కాపురం ఉండాలి అనడంలో ఒక మెలిక ఉన్నది. నడుమ అంతస్తులో బట్టల గిడ్డంగి పెట్టి, ఆ పైన పిల్లలతో కాపురం పెట్టమంటే అది పాపమే. కాపురానికి వీధిలోకి దిగే మెట్లు వేరుగా ఉండాలి. గిడ్డంగి ఊరి బయటికి పోవాలి. ఇందులో తలకిందులు ఏమిటంటే, ఇప్పుడు ఊరి బయటికి మనుషులు పోతున్నారు, ఊరి నడుమ బేళ్లు కాపురం ఉంటున్నాయి. గాలీ వెలుతురూ కావలసినవి బేళ్లకు కాదు గదా.

మన ఊళ్ల దాకా వచ్చింది

ఇది పట్నం గొడవ అనుకుని పేజీ తిప్పేయబోయేవారు ఒకసారి తమ ఊరి మెయిన్ రోడ్డు చూసుకోవాలి. బస్సు ఆగే చోట ఇరుపక్కలా ఇళ్ల ముందు వసారాలు పోయి షట్టర్లు వస్తున్నాయి. వేపచెట్టు కింద ఉండే నులకమంచం పోయి సెల్‌ఫోను రీచార్జి బల్ల వచ్చింది. ఇంటివాళ్లు వెనక్కి జరుగుతున్నారు. రేపు పొలం వైపు కొత్త ఇల్లు కట్టుకుని ముందు భాగమంతా అద్దెకిస్తారు. ఇవ్వవద్దనే హక్కు ఎవరికీ లేదు. అయితే రోడ్డు మీది ఇళ్లన్నీ అలా పోయాక, రాత్రి పది గంటలకు ఆఖరి బస్సు దిగిన ఆడపిల్ల ఎవరి వాకిట్లో దీపం చూసుకుని ఇంటిదాకా నడవాలన్నది ఒక ప్రశ్న.

చెప్పవలసిన చోట చెప్పాలి

2011 లెక్కల్లో చీరాల పట్టణ జనాభా 87 వేలు. 2022 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. పట్టణం ఎటు పెరగాలో, ఎక్కడ ఏముండాలో చెప్పేది మాస్టర్ ప్లాను. ఆ పటం మీద సాధారణంగా కాపురాలకు పసుపు రంగు, వ్యాపారానికి నీలం రంగు వేస్తారు. బజారు అంతా నీలమే. నీలం వేసినంత మాత్రాన అక్కడ కాపురం ఉండరాదని కాదు. కాని నీలం చూసిన కొనుగోలుదారు గజానికి కట్టే ధర వేరు. ఆ ధర పెట్టి కొన్నవాడు పైన వంటిల్లు కట్టడానికి ఇష్టపడడు. రెండూ కలిసి ఉండాలని కోరే వీధులకు ఆ సంగతి ప్లానులోనే రాసి, కాపురం కట్టేవారికి ఏదో ఒక వెసులుబాటు ఇస్తే తప్ప లెక్క మారదు. పై అంతస్తు ఇల్లుగా ఉంటే బండ్ల జాగాలో కొంత తగ్గింపు ఇవ్వడం ఒక దారి. వ్యాపారులతో మాట్లాడి గిడ్డంగులకు ఊరి బయట స్థలం చూపించడం ఇంకో దారి. బజారులో ఆడవాళ్లకు నాలుగు చోట్ల శుభ్రమైన మరుగుదొడ్లు కట్టి, వాటికి రాత్రీ పగలూ మనిషిని పెట్టడానికి మాత్రం ఏ ప్లానూ అక్కరలేదు.

మాస్టర్ ప్లాను ముసాయిదా తయారైనప్పుడు దాన్ని ప్రకటించి, అభ్యంతరాలు, సూచనలు పంపమని జనాన్ని అడుగుతారు. మామూలుగా అవి పంపేది స్థలాలు ఉన్నవారు, వాటి మీద వ్యాపారం చేసేవారు. పల్లెవాళ్లకు పట్నంలో ఓటు లేదు గనుక మనకు సంబంధం లేదనుకుంటాం. బజారును రోజూ నడిపేది మన సంచులూ, మన డబ్బే గనుక మనమూ ఒక కాగితం రాయవచ్చు. తెలుగులోనే రాయవచ్చు. ఏ వీధి, ఏ ఇబ్బంది, ఏం కావాలి - మూడే ముక్కలు. మునిసిపల్ ఆఫీసులో ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకుని ఇంట్లో భద్రంగా పెట్టుకోండి. ముద్ర వేయడానికి బద్ధకించే గుమాస్తా ఎదురైతే ఆఖరి బస్సు వేళ దాకా అక్కడే కూర్చోండి. ఆ ఆఫీసులో కుర్చీలున్నాయి, మంచినీళ్లు కూడా ఉంటాయి.